ఆండర్సన్ దొర, రెండు ఎలుగుబంట్లు

భాకరాపేట (విలేకరి):

చామల లోయ సంగతి మన భాకరాపేట, రంగంపేట వైపు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పశువులు తోలుకుపోయే వారికి, కట్టెలకు పోయే వారికి తెలిసిన అడవే. అయితే ఈ లోయ పేరు 1954లోనే లండన్‌లో అచ్చయిన ఒక ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కిందన్న సంగతి మాత్రం ఇక్కడ చాలా మందికి తెలియదు. ఎక్కించిన మనిషి కెన్నెత్ ఆండర్సన్. మనుషులను తినమరిగిన పులి కోసం ఆయన ఈ లోయలో రాత్రింబవళ్లు తిరిగి, చివరకు దాన్ని కాల్చి చంపాడు. రేణిగుంట - కడప రైలు మార్గంలో ఉన్న మామండూరు స్టేషన్ చుట్టూ ప్రజలను హడలగొట్టిన మరో పులి కథ కూడా ఆయనదే. నల్లమలలో గాజులపల్లె, బసవాపురం, చలమ స్టేషన్ల మధ్య రైలు కూలీలను పొట్టన పెట్టుకున్న పులి వెనుక కూడా తిరిగాడు.

ఉత్తరాదిలో జిమ్ కార్బెట్ ఎంతటివాడో దక్షిణాదిలో ఆండర్సన్ అంతటివాడని వేట పుస్తకాలు చదివిన వారు అంటారు. పులుల కథలు అందరూ చెప్పుకుంటారు. నేను చెప్పబోయేది ఆయన ఎలుగుబంట్ల సంగతి. ఒక ఎలుగును ఆయన చంపాడు. ఒక ఎలుగును ఆయన ఇల్లాలు బిడ్డలా పెంచింది. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో జరిగాయంటే వినడానికి వింతగా ఉంటుంది గాని, జరిగాయి.

ఆయన పరాయి దేశం నుంచి వేట కోసం దిగిన దొర కాడు. 1910 మార్చి 8న మన సికిందరాబాదు పక్కన బోలారంలో పుట్టాడు. వారిది స్కాట్లండు వంశమే అయినా తరతరాలుగా ఈ దేశంలోనే ఉంటున్న కుటుంబం. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో ఉద్యోగి. చదువు బెంగుళూరు బిషప్ కాటన్ పాఠశాలలో. ప్లీడరును చేద్దామని ఇంటివారు ఎడిన్‌బరోకు పంపితే అక్కడ మనసు నిలవక తిరిగి వచ్చేశాడు. తపాలా తంతి శాఖలో పదిహేనేళ్లు పనిచేసి, తరువాత బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో చేరాడు. సెలవు దొరికితే చాలు, స్టూడ్‌బేకర్ కారులో తుపాకి వేసుకుని అడవికి పోయేవాడు. కన్నడం, తమిళం ధారాళంగా మాట్లాడేవాడు. అడవిలో చెంచులు, పూజారి కులస్థులు, గొల్లలు, బండ్లు తోలేవాళ్లు ఆయన స్నేహితులు. 1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ లెక్కల్లో ఎక్కినవే 7 నరభక్షక పులులు, 8 చిరుతలు. చివరి రోజుల్లో క్యాన్సర్ పట్టుకుంది. 1974 ఆగస్టు 30న బెంగుళూరులో కన్నుమూశాడు.

దర్గా కాపరి కొడుకు

ఇక మొదటి ఎలుగు కథ. మైసూరు రాష్ట్రంలో అరసికెరె ఊరికి తూర్పున నాగ్వార కొండలు ఉన్నాయి. బెంగుళూరు నుంచి తుమకూరు మీదుగా షిమోగా పోయే బాట ఆ కొండల అంచునే సాగుతుంది. బాట పక్కన ఒక ముస్లిం మహాత్ముని సమాధి. దానికి కాపరి ఆలం బక్ష్ అనే ముసలాయన. సమాధి దగ్గర రాత్రి దీపం పెట్టడం, బాటసారులకు నాలుగు మాటలు చెప్పడం ఆయన పని. ఆండర్సన్ అటు పోయినప్పుడల్లా కారు ఆపి పలకరించేవాడు.

ఆ కొండల్లో ఒక పెద్ద నల్ల ఎలుగు ఉండేది. మేడిపండ్లు పక్వానికి వచ్చిన రోజుల్లో చెట్ల కోసం, వేరుశనగ కాయ ఊరే రోజుల్లో చేల కోసం దిగి వచ్చేది. మన వైపు వేరుశనగ పెట్టిన రైతులకు ఈ మాట విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఒక రాత్రి ఆలం బక్ష్ కొడుకు చీకట్లో ఇంటి దగ్గరే దానికి ఎదురుపడ్డాడు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు. ఎలుగు మీద పడి మెడ దగ్గర కొరికింది. తండ్రి కళ్ల ముందే నెత్తురు పోయి ప్రాణం వదిలాడు.

ఆలం బక్ష్‌కు టెలిగ్రాం ఇచ్చే స్తోమతు లేదు. కార్డు ముక్క రాసి పడేశాడు. అది అందగానే ఆండర్సన్ బయలుదేరాడు. కొండంతా గాలించినా ఎలుగు అయిపు దొరకలేదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ఆ తరువాత అది చోటు మార్చింది. కడూరు, చిక్కమగళూరు మధ్య సక్రేపట్న అనే ఊరి అడవిలో తేలింది. అక్కడ కట్టెలు కొట్టే ఇద్దరి మీద పడి ఒకరిని చంపింది. పశువుల కాపరులను, బాటన పోయే వారిని వరుసగా చీల్చింది. పోయినవారు పన్నెండు మంది. గాయపడినవారు రెండు డజన్లు. అందులో ముగ్గురిని కొంత మేరకు తిన్నది కూడా. ఎలుగు మనిషిని తినడం చాలా అరుదు. దాని తిండి చెదలు, తేనె, పండ్లు.

బతికి బయటపడినవారి గతి చచ్చినవారి కన్నా హీనం అంటే అతిశయోక్తి కాదు. ఎలుగు ముఖం మీదికే పోతుంది. మూడేసి అంగుళాల గోళ్లు దానికి. ఒకరికి కన్ను లేదు, ఒకరికి ముక్కు లేదు, ఒకరికి చెంప ఊడింది. ఇలాంటి ముఖాలు మన అడవి పల్లెల్లోనూ అక్కడక్కడ కనబడతాయి. కండువా అడ్డం పెట్టుకుని బస్సు ఎక్కే ఆ ముసలివాళ్లను చూసి పిల్లలు దూరం జరుగుతారు.

అటవీ అధికారుల కబురు మీద ఆండర్సన్ సక్రేపట్న వెళ్లాడు. ఆ వేటలో ఒక రాత్రిని ఆయన పుస్తకంలో వివరంగా రాశాడు. నన్ను బాగా పట్టుకున్నది అదే. పశువుల కాపరి ఒకడు అడవిలో పడి ఉన్నాడని అతని అన్నదమ్ముడు పరుగున వచ్చి చెబితే, పొద్దు వాలుతున్నా ఆండర్సన్ వెంట వెళ్లాడు. మూలుగు ఆనవాలు పట్టుకుని పోతే మనిషి దొరికాడు. ముఖం ముఖంగా లేదు. ఎత్తుకుని వస్తుండగా ఆండర్సన్ కాలు జారి మడమ బెణికింది. అడుగు వేయలేడు. తోడు వచ్చినవాడు మనుషుల కోసం పరిగెత్తాడు. దొర మాత్రం చలిలో, చీకట్లో, ఎలుగు ఏ మూల ఉందో తెలియని అడవిలో ఆ మనిషి పక్కనే కూర్చున్నాడు. తెల్లవారకముందే గాయపడ్డవాడు చనిపోయాడు. మిగిలిన రాత్రి శవం పక్కనే గడిచింది.

వేటగాళ్ల కథలంటే చాలా వరకు గొప్పలే ఉంటాయి. తుపాకి పేలడం, పులి పడడం, పక్కన కాలు పెట్టి ఫోటో. ఇక్కడ తుపాకి ఉన్నా ఒకరిని కాపాడలేకపోయిన రాత్రిని ఆ మనిషి దాచుకోకుండా రాశాడు.

మడమ కుదుటపడిన తరువాత మళ్లీ మాటు వేశాడు. ఇది మూడో ప్రయత్నం. రాత్రి పూట మేడిపండ్లకు వచ్చిన ఎలుగు మీద టార్చి వెలుగు వేసి కాల్చాడు. అంతటితో పీడ వదిలింది.

అది ఎందుకు అలా తయారైంది అన్నదానికి ఆ ఊళ్లలో మూడు మాటలు వినిపించాయి. ఒక మగ ఎలుగు ఒక పిల్లను ఎత్తుకుపోతే ఊరివారు విడిపించారని, అందుకు అది పగ పట్టిందని ఒక మాట. ఇది కాశీమజిలీ కథ అనుకోవచ్చు. ఆడ ఎలుగు పిల్లలను ఎవరో తీసుకుపోయారని ఇంకో మాట. లోగడ మనుషులు చేసిన గాయంతోనే అది మనుషుల మీద తిరగబడి ఉంటుందని మూడోది. ఆండర్సన్ ఈ మూడో దానివైపే మొగ్గాడు.

ఎలుగు స్వభావం కూడా ఒకటుంది. దానికి చూపు తక్కువ. వాసన ఎక్కువ. చెదల పుట్టలో ముక్కు పెట్టి కొలిమితిత్తిలా పీలుస్తున్నప్పుడు ఆ చప్పుడులో మనిషి అడుగు దానికి వినబడదు. పై వరుసలో ముందు రెండు పళ్లు లేకుండా దేవుడు దాన్ని పుట్టించిందే చెదలు పీల్చుకోవడానికి. మనిషి పది గజాల్లోకి వచ్చాక గాని గుర్తించదు. గుర్తించగానే బెదిరిపోయి పారిపోవడానికి బదులు మీద పడుతుంది. అందుకే అడవికి పోయే పెద్దలు దగ్గుకుంటూ, కర్రతో బండలు తట్టుకుంటూ, పాట పాడుకుంటూ పోయేవారు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి ప్రాణం పోయినప్పుడు మొదట కొందరు అనుమానించింది ఎలుగునే. తరువాత అది చిరుత పని అని తేలింది. ఆ తరువాతి నెలలోనే దేవస్థానం వారు నడకదారి భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. అప్పట్లో దీన్ని చూసి నవ్వినవారున్నారు. మా ఊరి గొర్రెల కాపరులు నవ్వలేదు.

చెరకు తోటలో దొరికిన పిల్ల

రెండో ఎలుగు కథ మైసూరు దగ్గర చెరకు తోటల్లో మొదలైంది. పంటను పాడుచేసే అడవి పందులను జనం తుపాకులు కాల్చి తరుముతున్నారు. ఆండర్సన్, ఆయన మిత్రులు అటుగా వెళుతున్నారు. ఇంతలో ఎండలో ఒగరుస్తూ ఒక నల్లని ఎలుగు బయటికి వచ్చింది. దాని జోలికి ఎవరూ పోనక్కరలేదు. అది ఎవరి జోలికీ రాలేదు. అయినా వారిలో ఒకాయన ఊరికే తుపాకి ఎత్తి దాన్ని అక్కడికక్కడే కాల్చి చంపాడు.

దగ్గరికి పోయి చూస్తే దాని వీపు మీద నల్లని బొచ్చు కదులుతోంది. అది పిల్ల. ఎలుగు జాతిలో తల్లి పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. తల్లి పడిపోతే పిల్ల దాని చుట్టూ తిరుగుతూ జాలిగా అరవడం మొదలుపెట్టింది. ఆండర్సన్ పట్టుకోబోతే చెరకులోకి పరిగెత్తింది. వెంటాడి మెడ పట్టుకుంటే గీరింది, కరవబోయింది. గోతాంలో వేసి బెంగుళూరు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె సంతోషానికి మేర లేదు. మెడకు రంగు రిబ్బను కట్టి బ్రూనో అని పేరు పెట్టింది.

మొదట సీసా పాలు. కొద్ది రోజుల్లోనే అన్నం, కూర, మాంసం, గుడ్లు, ఉడకబెట్టిన గడ్డలు, మజ్జిగ, కాఫీ, టీ, సోడా, ఏది పెడితే అది. బీరు పోసినా తాగేది. ఇంట్లో కుక్కలతో ఆడుకునేది. అద్దెకున్న వారి పిల్లలతో ఆడుకునేది. వంటింట్లోకి పోయేది, మంచాల మీద పడుకునేది.

ఒకసారి ఎలుకల కోసం పెట్టిన బేరియం కార్బొనేట్ తినేసింది. కాళ్లు పడిపోయి, దేక్కుంటూ ఇల్లాలి దగ్గరికి వచ్చింది. పశువుల డాక్టరు దగ్గరికి కారులో పరిగెత్తించారు. ఆయన పుస్తకాలు తిరగేసి పది సి.సి. విరుగుడు మందు పొడిచాడు. పది నిమిషాలు గడిచినా కదలిక లేదు. ఇంకో పది సి.సి. పొడిచాడు. పది నిమిషాల్లో ఊపిరి తేట పడింది. మరో అరగంటకు లేచి నిలబడి కడుపు నిండా తిన్నది. ఇంకోసారి చెదలకు పోయడానికి కారు నుంచి తీసి ఉంచిన పాత ఇంజను ఆయిలు తాగేసింది. గాలను, అంటే నాలుగున్నర లీటర్లు. దానికి మాత్రం ఏమీ కాలేదు!

బ్రూనో అనే పేరును తరువాత ఇల్లాలే మార్చేసింది. పిల్లవాడిని పిలిచినట్లు బాబా అన్నది. ఆమె మాట చెబితే బాబా కుస్తీకి దిగేది, ముష్టియుద్ధం చేసేది. తుపాకి పట్టమంటే వెదురు ముక్కను భుజానికి ఆనించి గురి చూసేది. పాప ఏదంటే ఒక చెక్క మొద్దును గడ్డి పరుపు లోంచి తెచ్చి చేతుల్లో పెట్టుకుని జోకొట్టేది.

ఆడించే ఎలుగులు, సర్కసు మృగాలు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎలుగు చేత ఇలాంటి పనులు చేయించడం మన వారికి కొత్త కాదు. నా చిన్నతనంలో మా ఊరికి ఎలుగును ఆడించే సాయిబు వచ్చేవాడు. డమరుకం చప్పుడుకు అది ముందు కాళ్లు ఎత్తి గెంతేది. పిల్లల జడుపు పోవాలని తల్లులు వారిని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. వెంట్రుక పీకించి తాయెత్తులో కట్టించుకునేవారు. నన్నూ ఎక్కించారు. జడుపు పోలేదు సరిగదా, వారం రోజులు జ్వరం పట్టింది.

ఆ ఎలుగు ముక్కులోంచి తాడు పోయి ఉండేది. పిల్లగా ఉండగా తల్లిని చంపి పట్టుకొచ్చి, కాల్చిన ఇనుప చువ్వతో ముక్కుకు బొక్క పెట్టి, పళ్లు ఊడగొట్టి నేర్పే ఆట అది. ముక్కు నొప్పికి పైకి లేచేదాన్ని చూసి మనం నాట్యం అనుకున్నాం. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని నిషేధించినా ఆట ఆగడానికి 2009 దాకా పట్టింది. ఆ ఎలుగులను విడిపించి ఆగ్రాలో, బెంగుళూరు దగ్గర బన్నేరుఘట్టలో ఆశ్రయాలు కట్టి పెట్టారు. ఆడించే కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించారు. లేకుంటే ఆకలికి మళ్లీ ఎలుగు పిల్లల కోసమే పోయేవారు.

సర్కసుల సంగతీ అంతే. సైకిలు తొక్కే ఎలుగు, నిప్పు కడియంలోంచి దూకే పులి, స్టూలు మీద కూర్చునే సింహం అంటే ఒకప్పుడు బండ్లు కట్టుకుని వెళ్లేవారు. గుడారం ఎత్తిన ఊరికి అది నెల రోజుల తిరునాళ్లు. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించరాదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కసు యజమానులు కోర్టుకు పోయారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే నిలబెట్టింది. అప్పుడు సర్కసుల నుంచి తీసుకున్న సింహాలు, పులులు ఎక్కడికి పోయాయో చాలా మందికి తెలియదు. వాటిలో కొన్ని మన తిరుపతి శ్రీవెంకటేశ్వర జూ పార్కుకే వచ్చాయి. వాటి కోసం అక్కడ వేరే సంరక్షణ కేంద్రం కట్టారు. ఆ సింహాలు మన గిర్ జాతి, ఆఫ్రికా జాతి కలిసిన సంకరం. కాబట్టి సంతానం కలగకుండా చూశారు. అడవిలో వదలడానికి వాటికి వేట రాదు. ఒకప్పుడు వేల మంది చప్పట్లు కొట్టిన మృగాలు అక్కడ గడ్డి మీద ఎండకు పడుకుని, వేళకు వచ్చే మాంసం తిని, ముసలివై ఒక్కొక్కటే పోయాయి.

బాబా చేసిన విద్యలు సర్కసు విద్యలే. ముక్కుకు తాడు లేదు, కొరడా లేదు. అంతే తేడా. కానీ అడవి దారి మాత్రం దానికీ మూసుకుపోయింది. ఏ పుట్టలో చెదలు ఉంటాయో, ఏ కొండ సందులో ఎండకు పడుకోవాలో నేర్పవలసిన తల్లి చెరకు తోటలోనే పోయింది. ఆండర్సన్ ఇంట్లో అది టీ తాగడం నేర్చింది.

జూలో మూడు నెలలు

ఎలుగు పిల్ల ఎల్లకాలం పిల్లగా ఉండదు. ఒళ్లు పెరిగింది, బలం పెరిగింది. ఇంటిలో తిరిగే చిన్న పిల్లల గురించి భయం పట్టుకుని గొలుసు వేయాల్సి వచ్చింది. చివరకు ఆండర్సన్, కొడుకు, మిత్రులు కలిసి ఇల్లాలికి నచ్చజెప్పారు. మైసూరు జూ వారికి రాశారు. వారు సరేనన్నారు. బోనులో పెట్టి పంపించేశారు.

పంపించిన రోజు నుంచి ఆ ఇల్లాలికి తిండి సయించలేదు. జూ వారికి ఉత్తరాలు రాసేది. ఎలుగు బాగానే ఉంది గాని దిగులుపడి తిండి తినడం లేదని జవాబు వచ్చేది. అటు వెళ్లే స్నేహితులందరినీ ఒకసారి చూసి రమ్మని బతిమాలేది. వారూ అదే చెప్పేవారు, చిక్కిపోయిందని. మూడు నెలలు ఆండర్సన్ ఏదో ఒక సాకు చెప్పి ఆమెను మైసూరు వెళ్లకుండా ఆపాడు. నరభక్షకుల ముందు నిలబడ్డ మనిషి భార్య దుఃఖం ముందు సాకులు వెతుక్కున్నాడు! చివరకు ఆమె పట్టు పట్టింది. కారులో తీసుకుపోయాడు.

ఎలుగు మరచిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆమె బోను దగ్గరికి ఇంకా చేరనే లేదు, కొన్ని గజాల దూరంలో ఉండగానే అది గుర్తుపట్టి సంతోషంతో అరిచింది. ఆమె పరిగెత్తి ఊచల సందుల్లోంచి నిమిరితే తలకిందులుగా నిలబడింది. మూడు గంటల సేపు ఆమె అక్కడి నుంచి కదలలేదు. టీ, నిమ్మరసం, కేకులు, ఐస్‌క్రీము తినిపించింది. జూ మూసే వేళ అయింది. ఆమె ఏడ్చింది, ఎలుగు ఏడ్చింది. రోజూ మృగాల మధ్య తిరిగి గట్టిపడిన జూ నౌకర్లకు కూడా మనసు కలుక్కుమన్నదట.

దాన్ని తిరిగి ఇవ్వమని ఆమె క్యురేటరును వేడుకున్నది. అది ప్రభుత్వ ఆస్తి, ఇచ్చే అధికారం తనకు లేదన్నాడు ఆయన. బెంగుళూరులో ఉన్న పై అధికారి ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. వెంటనే వెనక్కి తిరిగి ఆ సూపరింటెండెంటు బంగళాకు పోయారు. ఆమె కన్నీళ్లతో చెప్పుకున్నది. ఆయన మంచివాడు. ఒప్పుకున్నాడు. అంతేగాక, తీసుకుపోవడానికి బోను కూడా అరువు ఇవ్వమని క్యురేటరుకు రాసి ఇచ్చాడు. ఒక దరఖాస్తు బల్ల మీద నుంచి బల్ల మీదికి పోవడానికి ఎన్ని తిరుగుళ్లు పడుతుందో ఎరిగిన మనకు ఇది ఎలుగు కథ కన్నా పెద్ద వింతగా కనబడుతుంది.

లారీ మీద బోను ఎక్కించి బెంగుళూరు చేర్చారు. ఈసారి గొలుసు వేయలేదు. కూలీలను పెట్టి దొడ్లో ఒక దిబ్బ చేయించారు. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. దాని చుట్టూ ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల లోతున నీళ్లు లేని కందకం తవ్వారు. ఒకప్పుడు కోళ్లను పెట్టిన చెక్క పెట్టె తెచ్చి, గడ్డి పరిచి పడక చేశారు. జూకు పంపిన నాటి నుంచి ఆ ఇల్లాలు పారేయకుండా దాచి ఉంచిన చెక్క మొద్దును, వెదురు తుపాకిని అందులో పెట్టింది. బోను తలుపు తీయగానే ఎలుగు దిగి వెనుక కాళ్ల మీద నిలబడింది. తుపాకి ఎత్తి గురి చూసింది. పాపను చేతుల్లోకి తీసుకుని ఊపింది. మూడు నెలల్లో ఏదీ మరచిపోలేదు.

ఈ కథ సి.బి.ఎస్.ఇ. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఏళ్ల తరబడి పాఠంగా ఉండింది. మన జిల్లాలో వేల మంది పిల్లలు దీన్ని చదివి పరీక్ష రాశారు. రాసినవారిలో ఈ దొరే మన చామల లోయలో పులిని కొట్టినవాడని తెలిసినవారు ఎందరో చెప్పలేం.

కందకం ఎలుగుకు అడ్డు గాని ఆ ఇల్లాలికి అడ్డు కాలేదు. దిబ్బ మీదికి వంగిన మామిడి కొమ్మకు తాడు కట్టించి, కింద ఒక ఉచ్చు వేయించింది. ఒక కాలు ఉచ్చులో పెట్టి, రెండో కాలితో గట్టును తన్ని, ఊగి అవతల దిగేది. తిరిగి రావడమూ అలాగే. అప్పటికి ఎలుగుకు పదిహేను నెలలు, బరువు బాగానే ఉంది. దిబ్బ మీద కుర్చీ వేసుకుని, దాన్ని ఒడిలో కూర్చోబెట్టుకుని ఆమె గంటల తరబడి అక్కడే ఉండేది.